క్రూయిజ్ సిబ్బంది గ్రాట్యుటీని ఇంటి దగ్గరే ముందుగా చెల్లించడం ఎలా

మా నాన్నగారు విద్యుత్తు శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశారు. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో సింగపూర్ క్రూయిజ్ కొటేషన్ ముందు పెట్టుకుని కూర్చున్న రోజున ఆయన కళ్లజోడు సవరించుకుని, ఒక పంక్తి మీద వేలు పెట్టి, "గ్రాట్యుటీ మనకు వచ్చేది కదురా, మనం కట్టడమేమిటి?" అని అడిగారు. ఆ సందేహం న్యాయమైనదే. మన దేశంలో ఉద్యోగం చేసినవారికి గ్రాట్యుటీ అంటే 1972 నాటి చట్టం తెచ్చిపెట్టిన హక్కు, సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండినవారికి యజమాని ఇచ్చే మొత్తం. క్రూయిజ్ కొటేషన్‌లో అదే మాటకు అర్థం పూర్తిగా వేరు. ఓడలో మన గదిని శుభ్రం చేసేవారికి, భోజనం వడ్డించేవారికి, తెర వెనుక బట్టలు ఉతికి, గిన్నెలు కడిగేవారికి కలిపి ప్రయాణికుడు రోజుకు ఇంత చొప్పున చెల్లించే సేవా రుసుము అది.

ఈ రుసుమును ఓడ ఎక్కకముందే చెల్లించే వీలు దాదాపు అన్ని పెద్ద కంపెనీలూ కల్పిస్తున్నాయి. విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకుని మొదటిసారి క్రూయిజ్‌కు వెళ్లేవారికి ఇదే మేలైన పద్ధతి అని నా నమ్మకం. అయితే దీన్ని టిక్కెట్టు కొన్న తరువాత ఎప్పుడో చూసుకునే చిల్లర ఖర్చుగా కాక, టిక్కెట్టు ధరలో ఒక భాగంగా మొదటి రోజునుంచీ లెక్కలోకి తీసుకోవాలి.

విజయవాడలో హోటల్లో భోంచేశాక బిల్లుతోపాటు వచ్చే సోంపు పళ్లెంలో పదో ఇరవయ్యో ఉంచి లేస్తాం. భవానీ ద్వీపానికి తీసుకెళ్లిన బోటు కుర్రవాడికి దిగేటప్పుడు మనసుకు తోచినంత చేతిలో పెడతాం. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది అక్కడికక్కడ తేలిపోయే విషయం. క్రూయిజ్ ఓడలో అలా కాదు. మనం ఏమీ చెప్పకపోతే, మనిషికి రోజుకు ఇంత అని కంపెనీ నిర్ణయించిన మొత్తం మన గది ఖాతాలో తనంతట తానే పడుతూ పోతుంది. ముందుగా చెల్లించినవారి ఖాతాలో అది పడదు. ఈ రెండు దారుల్లోనూ కంపెనీ తీసుకునే రేటు సాధారణంగా ఒకటే, చెల్లించే సమయం, చోటు వేరు.

కొటేషన్ చేతికి రాగానే చూడవలసినది, గ్రాట్యుటీ అందులో ఉన్నదా లేదా అన్నది. మన ఊళ్లలో ఏజెంట్లు "అన్నీ కలిపే" అని చెప్పే మాటకు చాలాసార్లు గది, భోజనం, రేవు రుసుములు, పన్నులు అని మాత్రమే అర్థం. సిబ్బంది గ్రాట్యుటీ, మద్యం, శీతల పానీయాలు, వైఫై, ఒడ్డున తిరిగే టూర్లు ఆ మాటలోకి రాకపోవచ్చు. రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ వంటి విలాస కంపెనీలు గ్రాట్యుటీని టిక్కెట్టు ధరలోనే కలిపేస్తాయి. బ్రిటన్‌లోని పి అండ్ ఓ క్రూయిజెస్ కూడా 2019 నుంచి విడిగా వసూలు చేయడం మానేసింది కాబట్టి, పిల్లలు లండన్‌లో ఉండి అక్కడినుంచి బుక్ చేసిన తల్లిదండ్రులకు ఈ బెడద ఉండకపోవచ్చు. సింగపూర్, దుబాయ్, యూరప్, అమెరికా రేవుల నుంచి మనవారు ఎక్కువగా ఎక్కే మధ్యతరగతి ఓడల్లో మాత్రం అది విడిగా ఉండడమే ఎక్కువ.

ఏజెంటును నోటిమాటగా అడగడంకంటే వాట్సాప్‌లో రాసి అడగడం మంచిది. రాతలో ఉన్న ప్రశ్నకు రాతలోనే జవాబు వస్తుంది. నేనయితే ఇలా రాస్తాను: "మా బుకింగ్‌లో ప్రతి వ్యక్తికీ, ప్రతి రాత్రికీ సిబ్బంది గ్రాట్యుటీ కలిసి ఉన్నదా? ఉంటే ఇన్‌వాయిస్‌లో ఏ పంక్తిలో చూపించారు? లేకపోతే ఈరోజు రేటు ఎంత, ఏ కరెన్సీలో, ఎప్పటిలోగా కట్టాలి?" ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు రాకుండా అడ్వాన్సు పంపవద్దు.

కరెన్సీ గురించి ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడల్లో కొన్నిటి ఖాతాలు అమెరికా డాలర్లలో ఉంటాయి, కొన్నిటివి సింగపూర్ డాలర్లలో ఉంటాయి. రెండిటినీ మనం డాలర్లనే అంటాం కాని, రెండిటి విలువకూ చాలా తేడా ఉంది. యూరప్‌లో తిరిగే ఓడల్లో యూరోలు సాధారణం. చెన్నై, ముంబయి, విశాఖపట్నం రేవుల నుంచి సాగే దేశీయ క్రూయిజ్‌లలో టిక్కెట్టు లెక్క రూపాయల్లోనే ఉంటుంది కాబట్టి విదేశీ మారకపు గొడవ లేదు. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన తరువాత, ఓడ వచ్చినప్పుడల్లా మనవారు రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి అక్కడ దిగే సౌకర్యం కూడా ఏర్పడింది. అక్కడ కూడా ధర వివరాల్లో గ్రాట్యుటీ అనే పంక్తి ఉన్నదేమో చూసుకోవాలి.

ఇక లెక్క. సామాన్య గదుల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 అమెరికా డాలర్ల వరకు తీసుకోవడం పెద్ద కంపెనీల్లో పరిపాటి, సూట్ గదులకు ఇంకొంచెం ఎక్కువ. గుర్తుంచుకోవలసినది, ఇది గదికి కాదు, మనిషికి. మన కుటుంబాల్లో ఒకే గదిలో నలుగురు సర్దుకోవడం మామూలే. టిక్కెట్టు ధరలో మూడో వ్యక్తికి, నాలుగో వ్యక్తికి రాయితీ వస్తుంది, గ్రాట్యుటీలో ఆ రాయితీ ఉండదు. పిల్లల విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. రాయల్ కరీబియన్ వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ తీసుకుంటుంది, కార్నివాల్ రెండేళ్లలోపు పసిపిల్లలకు తీసుకోదు, యూరప్ కంపెనీల్లో పిల్లలకు సగం రేటు ఉండడమూ కద్దు. రోజుల లెక్క కూడా ఓడలో గడిపే రాత్రుల ప్రకారమే. "అయిదు రోజులు, నాలుగు రాత్రులు" అని ప్రకటించిన యాత్రకు నాలుగుకే లెక్క వేసుకోవాలి.

ఉదాహరణకు రేటు 18 డాలర్లు అనుకుందాం. నలుగురికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు అవుతుంది. డాలరు 90 రూపాయల లెక్కన అది 25,920 రూపాయలు. అమ్మా నాన్నలతో కలిసి ఆరుగురయితే 432 డాలర్లు, అంటే 38,880 రూపాయలు. ఈ అంకె చూసి మొదట మా ఇంట్లో అందరం కాసేపు మౌనంగా ఉండిపోయాం. టిక్కెట్టు కొనకముందే కనిపించింది కాబట్టి బాల్కనీ గదులు వదులుకుని కిటికీ గదులు తీసుకున్నాం. ఓడ ఎక్కాక కనిపించి ఉంటే మాకు ఆ వెసులుబాటు ఉండేది కాదు.

చెల్లించడానికి రెండు మార్గాలున్నాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే బుక్ చేసుకుంటే, బుకింగ్ సమయంలోనే ప్రీపెయిడ్ గ్రాట్యుటీస్ అనే ఎంపిక కనిపిస్తుంది. అప్పుడు వదిలేసినా తరువాత మీ బుకింగ్‌లోకి వెళ్లి కట్టవచ్చు, కాని ఓడ బయలుదేరడానికి కొన్ని రోజుల ముందే ఆ అవకాశం మూసుకుపోతుంది. ఏజెంటు ద్వారా కొంటే ఆ బుకింగ్ మీద అధికారం ఏజెంటుదే. మీరు నేరుగా కంపెనీకి ఫోన్ చేసినా "మీ ఏజెంటునే అడగండి" అని తిప్పి పంపడం సాధారణం. కాబట్టి అలాంటప్పుడు ఏజెంటు చేతనే కలిపించుకోవాలి.

వెబ్‌సైట్‌లో మన బ్యాంకు కార్డుతో కట్టేవారు ముందుగా బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల మీటను ఆన్ చేసుకోవాలి. 2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల తరువాత కొత్త కార్డులన్నీ దేశంలోపలి వాడకానికే పనిచేసేలా వస్తున్నాయి. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ కరెన్సీ లావాదేవీ మీద 2 నుంచి 3.5 శాతం వరకు అదనపు రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జి.ఎస్.టి. వేస్తాయి. 3 శాతం కార్డు అయితే పైన చెప్పిన 25,920 రూపాయల మీద దాదాపు 918 రూపాయలు అదనంగా పడతాయి. ఓడలో అదే కార్డుతో కట్టినా ఈ రుసుము తప్పదు కాబట్టి, ముందుగా కట్టడంవల్ల ఇక్కడ నష్టమేమీ లేదు. చెల్లింపు తెరమీద "రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలో చెల్లిస్తారా" అని అడిగితే డాలర్లనే ఎంచుకోండి. రూపాయల్లోకి అక్కడే మార్చే పద్ధతిలో మారకపు రేటు మనకు అనుకూలంగా ఉండడం అరుదు.

ఏజెంటుకు రూపాయల్లో కడితే కార్డు రుసుము ఉండదు, కాని గ్రాట్యుటీని ప్యాకేజీ మొత్తంలో కలిపి బిల్లు వేసినప్పుడు దాని మీద కూడా జి.ఎస్.టి., టి.సి.ఎస్. (ఏజెంటే మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పడతాయి. టి.సి.ఎస్. మన పాన్ నంబరు మీద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా తిరిగి పొందవచ్చు. జి.ఎస్.టి. మాత్రం తిరిగి రాదు. పదవీ విరమణ చేసిన పెద్దల పేరు మీద బిల్లు తీసుకుంటే వారు రిటర్ను వేస్తున్నారో లేదో ముందే ఆలోచించాలి. రిటర్ను వేయకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

ముందుగా కట్టడంలో ఇంకొక ప్రయోజనం, రేటు పెరుగుదలనుంచి రక్షణ. కంపెనీలు ఈ రేటును ఏడాదికో రెండేళ్లకో అర డాలరో డాలరో పెంచుతుంటాయి. పెంపు అమల్లోకి రాకముందే కట్టినవారికి పాత రేటునే గౌరవించడం పరిపాటి. ఎనిమిది తొమ్మిది నెలల ముందు బుక్ చేసుకునేవారికి ఇది పనికివస్తుంది. ప్రయాణం రద్దయితే టిక్కెట్టు ధరలో కోత పడినా, ముందుగా కట్టిన గ్రాట్యుటీ సాధారణంగా పూర్తిగా వెనక్కి వస్తుంది, ఎందుకంటే ఆ సేవ ఇంకా జరగలేదు. అది ఏజెంటు చేతులమీదుగా రావలసి ఉంటే, రద్దు ఉత్తరంలోనే ఆ మొత్తాన్ని విడిగా పేర్కొని అడగాలి.

ఇప్పుడు మాకు ఎదురైన ఇబ్బంది. మావి రెండు గదులు. మేమిద్దరం, పిల్లలిద్దరూ కలిసి ఒక గది, అమ్మా నాన్నలది పక్క గది. రెండు గదులంటే కంపెనీ దృష్టిలో రెండు బుకింగ్ నంబర్లు. ఏజెంటు ఆరుగురి గ్రాట్యుటీకీ మా దగ్గర డబ్బు తీసుకుని రసీదు కూడా ఇచ్చాడు. ఓడలో రెండోరోజు సాయంత్రం అమ్మ తన గదిలో టీవీ మీటలు నొక్కుతుంటే ఖాతా వివరాలు తెరమీదికి వచ్చాయి. మమ్మల్ని పిలిచి, "మేమేమీ కొనలేదే, ఇదేమిటి?" అని చూపించింది. రోజుకు 36 డాలర్ల చొప్పున రెండు పంక్తులు, మొత్తం 72 డాలర్లు. మా గది ఖాతాలో అలాంటి పంక్తి లేదు. గెస్ట్ సర్వీసెస్ కౌంటరులోని అమ్మాయి రెండు బుకింగ్‌లూ తెరిచి చూసి, ఒకదానిలో నలుగురికి ముందుగా చెల్లించినట్టు ఉందని, రెండోదానిలో అసలు లేదని ఓపికగా వివరించింది. ఏజెంటు రసీదు ఆమెకు ఏ విధంగానూ పనికిరాలేదు. నాలుగు రాత్రులకు 144 డాలర్లు ఓడలోనే కట్టి, ఇంటికి వచ్చాక మూడు వారాలపాటు అడిగి ఆ డబ్బు వెనక్కి రాబట్టుకున్నాం.

కాబట్టి డబ్బు కట్టిన తరువాత ఏజెంటు ఇచ్చే రసీదుతో తృప్తిపడకూడదు. క్రూయిజ్ కంపెనీ పేరుతో వచ్చే బుకింగ్ కన్ఫర్మేషన్ ప్రతిని ప్రతి గదికీ విడివిడిగా అడిగి తెప్పించుకోవాలి. అందులో ప్రతి ప్రయాణికుడి పేరు కింద గ్రాట్యుటీ పంక్తి, దాని ఎదురుగా మొత్తం ఉండాలి. ఆ పేజీలను ఫోన్‌లో భద్రపరచుకోవడమే కాక కాగితం మీద కూడా తీసి పాస్‌పోర్టులతో ఉంచుకోండి, ఎందుకంటే నడిసముద్రంలో వైఫై కొనకపోతే ఫోన్‌లో ఈమెయిల్ తెరుచుకోదు. ఓడ ఎక్కిన రెండోరోజుకల్లా ప్రతి గది ఖాతానూ టీవీలోనో, కంపెనీ యాప్‌లోనో, కౌంటరు దగ్గరో ఒకసారి చూసుకోండి. చివరి రాత్రి వరకు ఆగితే కౌంటరు ముందు పెద్ద వరుస ఉంటుంది, తెల్లవారితే దిగిపోవాలన్న తొందర కూడా ఉంటుంది.

ఖాతాకు ఏ కార్డు అనుసంధానించాలన్నదీ ఇక్కడే చెప్పాలి. చెక్-ఇన్ సమయంలో ఇచ్చే కార్డు మీద కంపెనీ కొంత మొత్తాన్ని ముందుగా నిలిపి ఉంచుతుంది. డెబిట్ కార్డు ఇస్తే మన సొంత పొదుపు ఖాతాలోని డబ్బే కొన్ని రోజులపాటు కదలకుండా ఆగిపోతుంది. గ్రాట్యుటీ ముందుగా కట్టి ఉంటే ఓడలో ఖర్చు తగ్గుతుంది, ఆ మేరకు ఈ ఇబ్బందీ తగ్గుతుంది. అయినా క్రెడిట్ కార్డు ఇవ్వడమే క్షేమం.

ముందుగా కట్టిన గ్రాట్యుటీ అన్ని సేవలకూ వర్తించదు. బారులో తీసుకునే ప్రతి పానీయం మీద, స్పాలో చేయించుకునే మర్దన మీద 18 నుంచి 20 శాతం సేవా రుసుము బిల్లులోనే కలిసి వస్తుంది. పానీయాల ప్యాకేజీ "ఉచితం" అన్న ఆఫరు తీసుకున్నా, కొన్ని కంపెనీలు దాని మీద గ్రాట్యుటీని విడిగా తీసుకుంటాయి. ఒడ్డున బస్సులో తిప్పే గైడు, డ్రైవరు, రేవులో సామాను మోసే కూలీ ఓడ సిబ్బంది కారు కాబట్టి వారికి ఇచ్చేది మన చేతినుంచే వెళ్లాలి.

ఇక, మన ప్రయాణికుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక సలహా గురించి. కౌంటరుకు వెళ్లి గ్రాట్యుటీని తీయించేసి, ఆ డబ్బులో కొంత గది కుర్రవాడి చేతిలో పెడితే సరిపోతుందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. చాలా కంపెనీల్లో అలా తగ్గించుకునే వీలు ఉన్నమాట నిజమే. కాని ఆ మొత్తం ఒక్కరిది కాదు. మన కంటికి ఎప్పుడూ కనబడని బట్టల మడతలవాళ్లకు, వంటింట్లో పళ్లేలు కడిగేవాళ్లకు కూడా అందులో వాటా ఉంటుంది. మనం ఒక్కరి చేతిలో పెట్టే నోటు వారికి చేరదు. నౌకా కార్మికుల పని పరిస్థితుల మీద 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం, మన దేశం కూడా 2015లో దానికి అంగీకారం తెలిపింది, నౌకా సిబ్బంది చేత ఏ 24 గంటల్లోనూ 14 గంటలకు మించి పని చేయించకూడదు. అంటే వారి పనిదినం ఎంత దీర్ఘమో ఆ గరిష్ఠ పరిమితే చెబుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద ఇల్లు వదిలి, ఆ ఓడలోనే పని, ఆ ఓడలోనే నిద్రగా గడిపేవారు వారు. వారి రాబడిలో గ్రాట్యుటీ ఒక ముఖ్యభాగం. సేవలో నిజంగా లోపం ఉంటే యాత్ర సాగుతుండగానే కౌంటరులో చెప్పండి, సరిచేయడానికి వారికి అవకాశం దొరుకుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి మాత్రం ఆ దారి తొక్కకండి అని మనస్ఫూర్తిగా వేడుకుంటున్నాను.

మా బల్ల దగ్గర వడ్డించినతను ఇండోనేషియా నుంచి వచ్చాడు. మొదటి రాత్రి అమ్మ తెల్లన్నం, పెరుగు అడిగి, తరువాత మొహమాటపడుతూ పచ్చిమిరపకాయ ఉందా అని అడిగింది. రెండో రాత్రి మేము కుర్చీలు లాక్కుని కూర్చునేసరికే అమ్మ పళ్లెం పక్కన చిన్న గిన్నెలో నిలువుగా చీల్చిన నాలుగు మిరపకాయలు, చక్రాలుగా కోసిన ఉల్లిపాయ సిద్ధంగా ఉన్నాయి. ఆ తరువాత అమ్మ అడగవలసిన అవసరమే రాలేదు. గుంటూరు మనుషులకు అంతకంటే ఏం కావాలి? ఇలాంటివారికి, ముందుగా కట్టిన దానితో నిమిత్తం లేకుండా, పైన కొంత ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి ఇంటి దగ్గరే ఏర్పాటు చేసుకోవాలి.

గన్నవరం విమానాశ్రయానికి బయలుదేరే ముందే, లైసెన్సు ఉన్న విదేశీ మారకపు దుకాణంలో కొద్ది మొత్తం అమెరికా డాలర్లు తీసుకోండి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, ప్రయాణ టిక్కెట్లు వెంట తీసుకెళ్లాలి. సాధారణంగా వంద, యాభై నోట్లే ముందుకు తోస్తారు, కాబట్టి ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లు కావాలని రెండు మూడు రోజుల ముందే చెప్పి ఉంచడం అవసరం. రూపాయి నోట్లు ఇవ్వడం మంచిది కాదు, వాటిని మార్చుకోవడం వేరే దేశపు కుర్రవాడికి పెద్ద తలనొప్పి. చివరి రాత్రి భోజనమయ్యాక నోటును కవరులో పెట్టి, కవరు మీద అతని పేరు రాసి, అమ్మ చేత ఇప్పించాం. ఎంత ఇచ్చామన్నది ఇక్కడ చెప్పను, అది ఎవరి శక్తి కొద్దీ వారు ఇవ్వవలసినది.

దిగే రోజు ఉదయం ప్రతి గది ఖాతా వివరాల ప్రతి తీసుకుని, గ్రాట్యుటీ పంక్తి రెండుసార్లు పడలేదని సరిచూసుకోండి. తప్పు ఉంటే దిగకముందే చెప్పాలి, దిగిన తరువాత సరిచేయించడం చాలా కష్టం. ఇల్లు చేరిన పది పదిహేను రోజులకు కార్డు స్టేట్‌మెంట్‌ను ఆ ప్రతితో పోల్చి చూడండి. నిలిపి ఉంచిన మొత్తం విడుదలైందో లేదో, అసలు బిల్లు ఒక్కసారే పడిందో లేదో అప్పుడు తేలుతుంది. తేడా కనిపిస్తే కంపెనీకి ఈమెయిల్, బ్యాంకుకు ఫిర్యాదు ఒకే రోజున పంపండి, ఓడలో తీసుకున్న ప్రతిని రెండిటికీ జతచేయండి.